కోరాయిడ్ రక్తనాళాలను కొలవాలంటే: ఏ స్కాన్ ఏం చెబుతుంది, ఎలా పోల్చాలి

థీసిస్ టాపిక్ పెట్టే రోజులు వచ్చాయంటే కంటి విభాగం పీజీలు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "కోరాయిడ్ మీద చేద్దామనుకుంటున్నాం అన్నా, ఏ మిషన్ మంచిది?" కర్నూలైనా, కడపైనా, అనంతపురమైనా ఇదే మాట. నా జవాబూ మారదు: కోరాయిడ్‌లో, అంటే కంటి వెనక ఉండే రక్తనాళాల పొరలో, ఏం కొలవాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాసుకుని రండి, మిషన్ సంగతి తర్వాత. ఓసీటీ అంటే కాంతితో కంటి పొరల అడ్డకోత బొమ్మ తీసే స్కాన్, ఐసీజీ అంటే నరంలోకి రంగు ఎక్కించి నాళాలను ఫొటో తీసే పరీక్ష. ఈడీఐ ఓసీటీ, స్వెప్ట్ సోర్స్ ఓసీటీ, ఐసీజీ ఆంజియోగ్రఫీ, ఓసీటీ ఆంజియో అన్నీ కోరాయిడ్‌నే చూపిస్తాయి. కానీ ఒక్కోటి కొలిచేది ఒక్కో విషయాన్ని. ఆ తేడా తెలియకుండా నాలుగింటినీ పక్కపక్కన పెట్టి ఏది గొప్పదని అడిగితే జవాబు దొరకదు.

ఇది పీజీల కోసం, ఆప్టోమెట్రీ చదివేవాళ్ళ కోసం, ఇమేజింగ్ గదిలో రోజంతా కూర్చునే టెక్నీషియన్ల కోసం రాస్తున్నాను. పేషెంట్లు చదివినా ఫర్వాలేదు, కాకపోతే తమ రిపోర్టును తామే తేల్చుకోకుండా డాక్టర్ దగ్గరకు వెళ్ళాలి.

మొదటి అడుగు: కొలిచేది ఏమిటో తేల్చుకోండి

నేత్రపటలానికీ (రెటీనా) దృఢస్తరానికీ (కంటి తెల్లటి బయటి పొర) మధ్య ఉండే రక్తపటలాన్నే క్లినిక్‌లో అందరం కోరాయిడ్ అంటాం. కంటికి చేరే రక్తంలో దాదాపు 85 శాతం దీనిలోనే పారుతుంది. ఇందులో నాళాలు మూడు వరుసల్లో ఉంటాయి. దృఢస్తరం వైపు హాలర్ పొరలో పెద్ద నాళాలు, దాని మీద సాట్లర్ పొరలో మధ్యరకం నాళాలు, అన్నిటికంటే పైన బ్రూక్ పొరను ఆనుకుని కోరియోకేపిలరిస్ అనే సన్నని కేశనాళికల వల. మన సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ కెనాల్‌ను గుర్తు తెచ్చుకోండి: పెద్ద కాలువ హాలర్, పిల్లకాలువలు సాట్లర్, మళ్ళలో పరుచుకునే నీరు కోరియోకేపిలరిస్. కాలువ వెడల్పు కొలిచి మడి తడిసిందో లేదో చెప్పలేం కదా, కోరాయిడ్ మందం కొలిచి కేశనాళికల గురించి మాట్లాడటమూ అలాంటిదే.

కాబట్టి కొలవదగ్గవి నాలుగు. ఒకటి, మొత్తం కోరాయిడ్ మందం. రెండు, ఆ మందంలో నాళాల లోపలి ఖాళీ ఎంత, చుట్టూ ఉన్న కణజాలం ఎంత అనే వాటా. మూడు, కోరియోకేపిలరిస్‌లో రక్తం పారుతున్నట్టు కనిపించని చుక్కలు ఎన్ని, ఎంత విస్తీర్ణం. నాలుగు, రక్తం ఎంతసేపటికి నిండుతుంది, ఎక్కడ కారుతుంది. మీ ప్రశ్న ఈ నాలుగింటిలో ఏదో ఒకదానిలో పడాలి. రెండింటిలో పడితే రెండు పరీక్షలు కావాలి. ఒకే స్కాన్‌తో రెండూ లాగుదామనుకుంటే థీసిస్ వైవాలో ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే పరీక్షకుడు) మొదట పట్టుకునేది అక్కడే.

జబ్బును బట్టి చూస్తే ఇంకా తేలిక. కీళ్ళ నొప్పులకని ఊళ్ళో ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ఏం కలిపారో తెలియని పొడులు వాడి, కన్ను మసకబారి వచ్చేవాళ్ళు మన ఓపీలో కొత్త కాదు. సెంట్రల్ సీరస్ జబ్బు (రెటీనా కింద నీరు చేరడం) అనుమానం ఉన్న ఇలాంటివాళ్ళలో మందం, నాళాల వాటా రెండూ పనికొస్తాయి. పాలిపాయిడల్ జబ్బులో పాలిప్ (కోరాయిడ్ నాళానికి వచ్చే చిన్న బుడగ) ఎక్కడుందో చూపడానికి ఐసీజీనే ప్రమాణం. వీకేహెచ్ (కోరాయిడ్‌కు వాపు తెచ్చే ఒక జబ్బు) తొలిదశలో కోరాయిడ్ విపరీతంగా ఉబ్బుతుంది, స్టెరాయిడ్ ఇచ్చాక తగ్గుతుంది. ఆ తగ్గుదలను వరుసగా చూడాలంటే లోతుకు చూసే ఓసీటీ కావాలి.

రెండో అడుగు: ఒక్కో మిషన్ చేసే పని తెలుసుకోండి

మామూలు స్పెక్ట్రల్ డొమైన్ ఓసీటీలో సిగ్నల్ అన్ని లోతుల్లో ఒకేలా ఉండదు. జీరో డిలే గీతకు (సిగ్నల్ అన్నిటికంటే బలంగా ఉండే లోతు) దగ్గరగా ఉన్న పొర స్పష్టంగా, దూరంగా ఉన్నది మసకగా వస్తుంది. మామూలు స్కాన్‌లో ఆ గీత విట్రియస్ (కంటి లోపలి జెల్లీ) వైపు ఉంటుంది కాబట్టి కోరాయిడ్ మసకబారుతుంది. దానికితోడు ఆర్‌పీఈలోని (రెటీనా అడుగున ఉండే రంగు పొర) రంగు కణాలు కాంతిని చెదరగొడతాయి. 2008లో రిచర్డ్ స్పెయిడ్ బృందం దీనికి తేలికైన ఉపాయం చెప్పింది. మిషన్‌ను కంటికి ఇంకాస్త దగ్గరకు జరిపితే బొమ్మ తలకిందులవుతుంది, జీరో డిలే గీత కోరాయిడ్ వైపుకు చేరుతుంది. అదే ఈడీఐ. ఇప్పుడు చాలా మిషన్లలో ఒక బటన్ నొక్కితే చాలు, బొమ్మ కూడా నిటారుగానే కనిపిస్తుంది. ఉన్న మిషన్‌తోనే పనైపోతుంది కాబట్టి జిల్లా స్థాయి ఆస్పత్రికి ఇదే అందుబాటులో ఉన్న దారి.

స్వెప్ట్ సోర్స్ ఓసీటీ మరో రకం. మామూలు ఓసీటీ 840 నానోమీటర్ల దరిదాపు కాంతి వాడితే ఇది 1,050 దరిదాపు వాడుతుంది. ఆ కాంతి ఆర్‌పీఈని దాటి తక్కువ నష్టంతో లోపలికి పోతుంది, లోతుకు పోయేకొద్దీ సిగ్నల్ పడిపోవడం కూడా తక్కువ. సెకనుకు లక్ష ఏ-స్కాన్లు (ఒక్కో చోట లోతుకు తీసే గీతలు) తీసే మిషన్లు ఉన్నాయి కాబట్టి ఒక్క గీత కాకుండా మాక్యులా (రెటీనా మధ్యభాగం) మొత్తం వాల్యూమ్ వస్తుంది. ఇంకో లాభం పుస్తకాల్లో పెద్దగా రాయరు: ఈ కాంతి పేషెంటుకు కనబడదు. మామూలు మిషన్‌లో ఎర్ర గీత కదులుతుంటే దాని వెంటే కన్ను పోతుంది. ఇక్కడ ఆ తంటా లేదు. శుక్లం మొదలైన కళ్ళలోనూ కాస్త మెరుగు. లోటూ ఉంది, నిలువు రిజల్యూషన్ మామూలు ఓసీటీ కంటే కొద్దిగా తక్కువ. కోరాయిడ్‌కు అది పెద్ద లెక్కలోకి రాదు.

ఐసీజీ సంగతికి వస్తే, ముందు ఎఫ్‌ఎఫ్‌ఏ (ఫ్లోరసీన్ రంగుతో తీసే ఆంజియోగ్రఫీ) ఎందుకు సరిపోదో చెప్పాలి. ఫ్లోరసీన్ రంగు కోరియోకేపిలరిస్ గోడల్లోని సన్న రంధ్రాల్లోంచి ఇట్టే బయటికి కారిపోతుంది. పైగా దాని కాంతిని ఆర్‌పీఈ అడ్డుకుంటుంది. కోరాయిడ్ అంతా ఒక మెరుపు మబ్బులా కనిపిస్తుంది తప్ప నాళం విడిగా కనబడదు. ఐసీజీ రంగు 98 శాతం దాకా రక్తంలోని ప్రొటీన్లకు అంటుకుని ఉంటుంది, అందుకే నాళాల్లోనే నిలుస్తుంది. 800 నానోమీటర్ల దరిదాపు కాంతిని పీల్చుకుని 835 దరిదాపులో వెలుగునిస్తుంది. ఆ ఇన్‌ఫ్రారెడ్ కాంతి ఆర్‌పీఈని, పలుచటి రక్తస్రావాన్ని కూడా దాటొస్తుంది. ధమని ఎప్పుడు నిండింది, సిర ఎక్కడ ఉబ్బింది, ఎక్కడ కారుతోంది అన్నీ కళ్ళముందు జరుగుతాయి. పాలిప్స్ మొదటి 6 నిమిషాల్లో చుక్కల్లా వెలుగుతాయి. సెంట్రల్ సీరస్‌లో నాళాలు కారడం చూడాలంటే 10 నిమిషాలు దాటిన ఫ్రేములు కావాలి. ఓపిక లేక ముందే ఆపేస్తే కనిపించాల్సింది కనిపించదు.

కానీ ఐసీజీ బొమ్మకు లోతు లేదు. హాలర్, సాట్లర్ అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే పటంగా వస్తాయి. నాళం వెడల్పు కొలుద్దామంటే అంచులు మసక. అందువల్ల అంకెల కోసం ఐసీజీని ఎంచుకోకండి, ప్రవర్తన చూడటానికి ఎంచుకోండి. రంగులో అయోడిన్ ఉంటుంది కాబట్టి అయోడిన్ అలర్జీ ఉన్నవాళ్ళకు ఇవ్వరు. ఈ రంగు కాలేయం గుండా బయటికి పోతుంది కాబట్టి తీవ్రమైన లివర్ జబ్బు ఉన్నవాళ్ళ విషయంలోనూ ఆలోచించాలి. గర్భిణుల్లో సాధారణంగా వాయిదా వేస్తారు. రియాక్షన్లు అరుదే, అయినా ఎమర్జెన్సీ ట్రే పక్కన లేకుండా, డాక్టర్ గదిలో లేకుండా సూది ఎక్కించొద్దు.

ఓసీటీ ఆంజియోకు రంగు అక్కర్లేదు. ఒకే చోట వెంటవెంటనే పలుమార్లు స్కాన్ చేసి, రెండు స్కాన్ల మధ్య మారినదాన్ని రక్తప్రవాహంగా లెక్కగడుతుంది. కోరియోకేపిలరిస్‌ను విడిగా చూపడంలో దీనికి సాటి లేదు. రెండు పరిమితులు మాత్రం గుర్తుంచుకోవాలి. రక్తం మరీ నెమ్మదిగా పారితే మిషన్‌కు కదలిక తెలియదు, అక్కడ నల్ల చుక్క పడుతుంది. ఆ చుక్కను చూసి అక్కడ నాళమే లేదని రాయకూడదు. రెండోది, కారడం ఇందులో కనిపించదు. హాలర్ పొర పెద్ద నాళాలు కూడా ఆంజియో బొమ్మలో తరచుగా నల్లగానే వస్తాయి, అంత లోతుకు చేరే సిగ్నల్ తక్కువ కాబట్టి.

లేజర్ స్పెకిల్ ఫ్లోగ్రఫీ, లేజర్ డాప్లర్, కలర్ డాప్లర్ అల్ట్రాసౌండ్ కూడా ఉన్నాయి. జపాన్‌లో స్పెకిల్ ఫ్లోగ్రఫీతో ప్రవాహాన్ని సాపేక్షంగా కొలుస్తారు. కలర్ డాప్లర్ కంటి వెనక ధమనుల వేగం చెబుతుంది, కోరాయిడ్ నాళాల కొలత ఇవ్వదు. బీ-స్కాన్ (కంటి అల్ట్రాసౌండ్) గడ్డలకు, రెటీనా ఊడిపోవడానికి, బాగా ఉబ్బిన కోరాయిడ్‌కు పనికొస్తుంది. మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పని ఉన్నప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

మూడో అడుగు: గడియారం చూడండి

ఎక్కువ థీసిస్‌లు దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. కోరాయిడ్ మందం రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది. సగటున ఈ తేడా 30 మైక్రాన్ల దరిదాపు. మరోవైపు వయసు పెరిగేకొద్దీ కోరాయిడ్ ఏడాదికి ఒకటిన్నర మైక్రాన్ల చొప్పున పలుచనవుతుందని అంచనా. అంటే ఒక్క రోజులో వచ్చే తేడా దాదాపు ఇరవై ఏళ్ళ వయసు తేడాతో సమానం.

దీన్ని మన ఓపీకి అన్వయించి చూడండి. కర్నూలు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రికి ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి వచ్చే పేషెంట్లు తొలి బస్సు పట్టుకుని పొద్దున్నే చేరుకుంటారు. వాళ్ళ స్కాన్ మధ్యాహ్నం లోపే అయిపోతుంది. పోల్చడానికి ఆరోగ్యవంతులు కావాలంటే మనం ఎవర్ని పట్టుకుంటాం? డ్యూటీ అయిపోయిన నర్సింగ్ స్టాఫ్‌ను, హౌస్ సర్జన్లను, పేషెంటుకు తోడుగా వచ్చి సాయంత్రం దాకా కూర్చున్న బంధువుల్ని. అంటే జబ్బు ఉన్నవాళ్ళంతా పొద్దున, లేనివాళ్ళంతా సాయంత్రం. చివర్లో జబ్బు ఉన్నవాళ్ళ కోరాయిడ్ 25 మైక్రాన్లు ఎక్కువ వచ్చిందని, పీ విలువ (తేడా యాదృచ్ఛికం కాదని చెప్పే గణాంకం) కూడా బాగుందని సంబరపడతాం. ఆ తేడాను జబ్బు తెచ్చిందా, గడియారం తెచ్చిందా అని అడిగితే మాత్రం చెప్పలేం.

చేయాల్సింది సులువే. రెండు గుంపులకూ ఒకే రెండు గంటల వ్యవధి పెట్టుకోండి, ఉదయం 10 నుంచి 12 మన ఓపీకి బాగా కుదురుతుంది. స్కాన్ సమయం ప్రతి షీట్ మీదా రాయండి. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు కూడా అదే వేళకు రమ్మనండి. వాళ్ళు రాలేకపోతే కనీసం రాసుకున్న సమయం మీ దగ్గర ఉంటుంది.

కాఫీ సంగతి కూడా అడగాలి. కాఫీ తాగాక కొన్ని గంటలపాటు కోరాయిడ్ పలుచనవుతుందని అధ్యయనాలు చూపించాయి. టీలోనూ కెఫీన్ ఉంది. ఆస్పత్రి గేటు దగ్గర టీ బడ్డీ ఉన్నంతకాలం ఎవరినీ ఆపలేం, కానీ "పొద్దున్నించి ఎన్ని టీలు తాగినావు పెద్దాయనా, చివరిది ఎప్పుడు?" అని అడిగి రాసుకోవచ్చు. పాపను పెద్దది చేసే చుక్కల్లో రకాన్ని బట్టి ప్రభావం మారుతుంది. కాబట్టి ఎవరికి వేసినా అవే చుక్కలు, అంతే వ్యవధి. వీటితోపాటు బీపీ, వయసు, కంటి పొడవు, పొగతాగే అలవాటు, స్టెరాయిడ్ వాడకం షీట్‌లో ఉండాలి. స్టెరాయిడ్ అని అడిగితే చాలామంది లేదంటారు. నొప్పికి సూది, ఉబ్బసానికి పీల్చే మందు, చర్మానికి పూత అని విడివిడిగా అడిగితే బయటికి వస్తుంది.

ఇంకో జాగ్రత్త. సెంట్రల్ సీరస్ ఒక కంటికే వచ్చినా రెండో కంటి కోరాయిడ్ కూడా చాలాసార్లు మందంగానే ఉంటుంది. ఆ రెండో కన్నును ఆరోగ్యమైనదిగా తీసుకుని పోలిస్తే తేడా మాయమైపోతుంది.

నాలుగో అడుగు: స్కాన్ తీయడం

గడ్డం ఆనించి నుదురు తగిలించాక మొదట వచ్చే ప్రశ్న "యాడ చూడాల సారూ?" అని. "ఆ నీలం గుర్తు మీదే చూపు పెట్టు పెద్దాయనా, నేను చెప్పేదాకా రెప్ప కొట్టొద్దప్పా" అని చెప్పి, ఒకసారి గట్టిగా రెప్పలు కొట్టించి, అప్పుడు మొదలుపెట్టండి. కన్ను ఎండిపోయి ఉంటే ఒక చుక్క కృత్రిమ కన్నీరు వేయండి. ఎండిన కంటి మీద ఎంత మంచి మిషనైనా మసక బొమ్మే ఇస్తుంది.

ఫోవియా (మాక్యులా నడిబొడ్డు) మధ్యలోంచి పోయే అడ్డం గీత ఒకటి తప్పనిసరి. ఈడీఐ పెట్టి, వీలైతే 100 ఫ్రేముల సగటు తీసుకోండి. పేషెంటు కుదురుగా లేకపోతే తక్కువైనా సరే, కానీ ఎన్ని తీశారో రాయండి. వాల్యూమ్ స్కాన్ దొరికితే ఇంకా మంచిది. సిరస్ అనే ఓసీటీ మిషన్‌లో సిగ్నల్ 10కి 7 కంటే తక్కువ వస్తే మళ్ళీ తీయండి. మిషన్ ఇచ్చే ఆ అంకె రెటీనాను చూసి ఇచ్చేది, అది బాగున్నంత మాత్రాన కోరాయిడ్ కింది అంచు కనిపిస్తుందని కాదు. స్క్రీన్ మీద దృఢస్తరంతో కలిసే గీతను కళ్ళతో చూసి నమ్మకం కుదిరాకే పేషెంటును లేపండి. లేపాక మళ్ళీ కూర్చోబెట్టడం ఎంత కష్టమో ఆ గదిలో పనిచేసేవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఐదో అడుగు: మందం కొలవడం

పై అంచు ఆర్‌పీఈ-బ్రూక్ గీత బయటి ఒడ్డు. దీంట్లో పెద్దగా గొడవ రాదు. గొడవంతా కింది అంచు దగ్గరే. కొందరికి పెద్ద నాళాల కిందనే ఒక సన్నని నల్లటి పట్టీ, దాని కింద తెల్లటి గీత కనిపిస్తాయి. అది సుప్రాకోరాయిడ్ పొర. ఒకరు నాళం దగ్గర ఆపి కొలుస్తారు, ఇంకొకరు ఆ పట్టీని కూడా కలుపుకుంటారు. ఇద్దరి మధ్య తేడా వస్తుంది, ఇద్దరూ తమదే కరెక్టంటారు. స్వెప్ట్ సోర్స్‌లో ఆ పట్టీ మరింత స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి రెండు మిషన్ల అంకెలు కలవకపోవడానికి ఇదీ ఒక కారణం. మొదటి రోజే ఒక నిర్వచనం రాసి, రెండు మూడు బొమ్మల మీద గీసి గోడకు అంటించండి. ఎవరు కొలిచినా దానిని బట్టే కొలవాలి.

కొలిచే గీత బ్రూక్ పొరకు లంబంగా ఉండాలి. ఫోవియా కింద ఒకటి, ముక్కు వైపు, చెవి వైపు 500 మైక్రాన్లకు ఒకటి చొప్పున 1,500 దాకా తీసుకోవడం వాడుకలో ఉంది. కొలిచే మనిషి మారితే 30 మైక్రాన్ల దాకా తేడా రావచ్చు. అందువల్ల చికిత్స తర్వాత 15 మైక్రాన్లు తగ్గిందని ఒక్క పేషెంటుకు చెప్పేటప్పుడు నోరు అదుపులో పెట్టుకోవాలి.

బొమ్మను బయటికి తీసి ఇమేజ్‌జె అనే బొమ్మలు కొలిచే ప్రోగ్రామ్‌లో కొలిచేవాళ్ళకు ఒక మాట. స్పెక్ట్రాలిస్ అనే ఓసీటీ మిషన్ బొమ్మ మూలన ఎల్ ఆకారంలో రెండు చిన్న గీతలు ఉంటాయి, రెండింటి మీదా 200 మైక్రాన్లు అనే ఉంటుంది. దగ్గరగా చూడండి, పిక్సెల్ రూపంలో తీసిన బొమ్మలో నిలువు గీత, అడ్డ గీత ఒకే పొడవు ఉండవు. నిలువుగా ఒక పిక్సెల్ దాదాపు 3.9 మైక్రాన్లు, అడ్డంగా అంతకంటే ఎక్కువ. అడ్డ గీతతో స్కేల్ పెట్టి నిలువు మందం కొలిస్తే కోరాయిడ్ అమాంతం ఉబ్బిపోతుంది. రెండు దిశలకూ విడివిడిగా స్కేల్ ఇవ్వాలి.

కంటి పొడవు గురించి కూడా ఇక్కడే. మిషన్ అడ్డం స్కేల్‌ను సగటు కన్నును బట్టి వేస్తుంది. ఎక్కువ మైనస్ ఉన్న పొడవాటి కంటిలో 1,500 మైక్రాన్లని చూపించినది నిజానికి అంతకంటే ఎక్కువ దూరం. నిలువు మందం మీద ఈ ప్రభావం ఉండదు, విస్తీర్ణం మీద ఉంటుంది. బయోమెట్రీ చేసి పొడవు రాసిపెట్టుకుంటే తర్వాత సవరించుకోవచ్చు.

ఆరో అడుగు: నాళాల వాటా, అంటే సీవీఐ

నా మటుకు నాకు ఈడీఐ మాత్రమే ఉన్న చోట చేయదగ్గ పని ఇదే. మొత్తం కోరాయిడ్ విస్తీర్ణంలో నాళాల లోపలి ఖాళీ ఎంత శాతమో అదే కోరాయిడల్ వాస్క్యులారిటీ ఇండెక్స్. సింగపూర్‌లో రూపేశ్ అగర్వాల్ బృందం 2016లో 345 ఆరోగ్యమైన కళ్ళలో దీన్ని చూస్తే సగటు 65.6 శాతం వచ్చింది, 60 నుంచి 71 మధ్యలోనే అన్నీ ఉన్నాయి. మందం మనిషి మనిషికీ ఎంతగా మారుతుందో తెలిసినవాళ్ళకు ఈ ఇరుకు పరిధి విలువ అర్థమవుతుంది.

చేసే తీరు ఇదీ. బొమ్మను ఇమేజ్‌జెలో తెరవండి. ఫోవియా మధ్యలో ఉండేలా 1,500 మైక్రాన్ల వెడల్పున పాలిగాన్ టూల్‌తో కోరాయిడ్ చుట్టూ గీయండి, పైన ఆర్‌పీఈ, కింద దృఢస్తరం అంచు. ఆ గీతను ఆర్‌ఓఐ మేనేజర్‌లో చేర్చండి. బొమ్మను 8-బిట్‌కు మార్చి, ఆటో లోకల్ థ్రెషోల్డ్‌లో (బొమ్మను నలుపు, తెలుపుగా విడగొట్టే పని) నిబ్లాక్ పద్ధతి ఎంచుకోండి. నల్లవి నాళాలు, తెల్లవి మధ్య కణజాలం. తర్వాత బొమ్మను ఆర్‌జీబీకి మార్చి కలర్ థ్రెషోల్డ్‌తో నల్ల భాగాన్ని ఎంచుకుని, అదీ మేనేజర్‌లో చేర్చండి. రెండింటినీ అండ్‌తో కలిపితే మీరు గీసిన హద్దులోని నాళాలు మాత్రమే మిగులుతాయి. ఆ విస్తీర్ణాన్ని మొత్తంతో భాగించండి.

నిబ్లాక్ రేడియస్ (ఒక్కో పిక్సెల్‌ను తేల్చడానికి చుట్టూ ఎంత మేర చూస్తుందో ఆ అంకె) ఎంత పెట్టారో రాయకుండా సీవీఐ అంకె ఇస్తే దాన్ని ఇంకెవరూ తిరిగి చేయలేరు. రేడియస్ మారిస్తే శాతం మారుతుంది. అలాగే రెటీనాలోని పెద్ద నాళం కింద కోరాయిడ్‌లో నిలువుగా నీడ పడుతుంది, ప్రోగ్రామ్ దాన్ని కూడా నాళంగానే లెక్కేస్తుంది. నీడ ఎక్కువగా ఉన్న బొమ్మను పక్కన పెట్టేయండి. నిలువు, అడ్డం స్కేల్ తేడా మాత్రం ఇక్కడ ఇబ్బంది పెట్టదు, భాగహారంలో పై అంకె, కింది అంకె రెండూ ఒకేలా సాగుతాయి కాబట్టి శాతం చెక్కుచెదరదు. చదరపు మిల్లీమీటర్లలో రాస్తే మాత్రం తప్పు అందులోకి వచ్చి కూర్చుంటుంది.

చేత్తో గీయడం విసుగనిపించేవాళ్ళకు ఒక కబురు. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి, ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు కలిసి కోరాయిడ్ మందాన్ని, ఘనపరిమాణాన్ని కంప్యూటరే లెక్కగట్టే పద్ధతిని 2015లోనే ప్రచురించారు. ఆటోమేటిక్ అయినా ప్రతి బొమ్మ మీదా గీత ఎక్కడ పడిందో కళ్ళతో చూసుకోవాల్సిందే.

ఏడో అడుగు: కోరియోకేపిలరిస్ చుక్కలు

ఓసీటీ ఆంజియో ఉంటే 3×3 మిల్లీమీటర్లదా 6×6దా ముందే నిర్ణయించుకోండి, రెండింటి అంకెలను కలపకూడదు. బ్రూక్ పొర కింద మిషన్ ఏ లోతు నుంచి ఏ లోతు దాకా తీసుకుంటుందో చూడండి, సాధారణంగా 10 నుంచి 20 మైక్రాన్ల మందం స్లాబ్ వాడతారు. కంపెనీని బట్టి ఇది మారుతుంది. ఫాన్సల్కర్ అనే మరో పద్ధతిలో థ్రెషోల్డ్ పెట్టేవాళ్ళు రేడియస్ తప్పకుండా రాయాలి. డ్రూసెన్ (ఆర్‌పీఈ కింద పేరుకునే పసుపు మచ్చలు) కింద, రక్తస్రావం కింద సిగ్నల్ తగ్గి దొంగ చుక్కలు వస్తాయి. అదే లోతులోని మామూలు ఓసీటీ బొమ్మను పక్కన పెట్టి చూస్తే అక్కడ కూడా నల్లగా ఉంటే అది నీడ. పైన రెటీనా నాళాల ప్రతిబింబం పడినచోట్లను తీసేయాలి.

మాక్యులా కింద కేశనాళికలు ఎంత దట్టంగా ఉంటాయంటే, వాటి మధ్య దూరం మిషన్ అడ్డం రిజల్యూషన్ కంటే తక్కువ. ఒక్కో నాళికను విడిగా లెక్కపెట్టామని రాయకండి.

ఎనిమిదో అడుగు: రెండు పద్ధతులను పోల్చడం

ఇప్పుడు అసలు పోలిక. ఈడీఐ, స్వెప్ట్ సోర్స్ రెండూ మందం కొలుస్తాయి కాబట్టి వాటిని ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. ఈడీఐ మందాన్ని ఐసీజీ కారడంతో పోల్చేటప్పుడు మాత్రం ఒకటి ఉన్నచోట రెండోది ఉందా అని మాత్రమే అడగాలి, అంకెకు అంకె పెట్టి చూడకూడదు.

మొదట ఒకే మిషన్‌తో, ఒకే మనిషి, ఒకే కన్ను, రెండుసార్లు. తర్వాత ఇద్దరు మనుషులు, ఒకరి అంకె ఇంకొకరికి తెలియకుండా. ఈ లెక్కలు తేలాకే రెండు మిషన్ల మధ్యకు వెళ్ళండి. రెండు మిషన్ల స్కాన్లూ అదే రోజు, వీలైతే అరగంట లోపే.

పీజీలు ఎక్కువగా కోరిలేషన్ (రెండు అంకెలు కలిసి పెరుగుతున్నాయా అనే లెక్క) వేసి 0.95 వచ్చిందని ఆగిపోతారు. ఒక మిషన్ ప్రతి కంటికీ 20 మైక్రాన్లు ఎక్కువ చూపిస్తోందనుకుందాం. కోరిలేషన్ అప్పుడూ అద్భుతంగానే ఉంటుంది. పొద్దున ఈ మిషన్‌తో, వచ్చే నెల ఆ మిషన్‌తో చూసిన పేషెంటు కోరాయిడ్ 20 మైక్రాన్లు పెరిగిందని రిపోర్టు వెళ్తుంది. బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో ల్యాన్సెట్‌లో చెప్పిన పద్ధతి దీనికే పనికొస్తుంది. ప్రతి కంటికీ రెండు అంకెల తేడాను నిలువుగా, సగటును అడ్డంగా పెట్టి చుక్కలు వేయండి. చుక్కల మధ్యగీత సున్నా దగ్గర ఉందా, ఒక పక్కకు జరిగిందా చూడండి. మందం పెరిగేకొద్దీ చుక్కలు విచ్చుకుపోతున్నాయేమో చూడండి. కోరాయిడ్ బాగా మందంగా ఉన్న కళ్ళలో ఈడీఐకి కింది అంచు అందక తేడా పెరిగితే మీ ప్లాట్‌లో అది అక్కడే బయటపడుతుంది.

ఒక మిషన్‌లో కింది అంచు కనబడక వదిలేసిన కళ్ళ సంఖ్య కూడా ఫలితమే. చాలామంది వాటిని చడీచప్పుడు లేకుండా తీసేస్తారు. ఎన్ని కళ్ళలో ఏ మిషన్ కొలవలేకపోయిందో ఒక పట్టికలో పెట్టండి, రెండు మిషన్లలో ఏది మీ పేషెంట్లకు నప్పుతుందో చాలావరకు ఆ పట్టికే చెబుతుంది.

తొమ్మిదో అడుగు: మిషన్ లేకపోతే

మన జిల్లాల్లో అన్ని మిషన్లూ ఒకేచోట దొరకడం కష్టం. ఐసీజీ అవసరమైనవాళ్ళను కర్నూలు నుంచి ఎక్కువగా హైదరాబాద్‌కు, అనంతపురం నుంచి బెంగళూరుకు, కడప నుంచి తిరుపతికో చెన్నైకో పంపుతుంటాం. పంపేటప్పుడు చీటీ మీద ఏ ప్రశ్నకు జవాబు కావాలో రాయండి: "పాలిప్ ఉందా, ఉంటే ఎక్కడ", "10 నిమిషాల తర్వాతి ఫ్రేములు కావాలి", అలా. అలర్జీ, లివర్ జబ్బు, గర్భం వివరాలు పైనే రాసేయండి, లేకపోతే అంత దూరం పోయి వెనక్కి రావాల్సి వస్తుంది. తిరిగొచ్చేటప్పుడు కలర్ ప్రింటు ఒక్కటే తెస్తారు, దాని మీద ఏమీ కొలవలేం. బొమ్మల ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో అడిగి తెచ్చుకోమని పేషెంటుకే కాదు, వెంట వచ్చే కొడుక్కో అల్లుడికో కూడా చెప్పండి. మీ పెన్‌డ్రైవే ఇచ్చి పంపితే ఇంకా నయం.